29 ఆటలు, 29 గెలుపులు: 1970 కార్నెల్ రికార్డును ఇప్పటికీ ఎవరూ ఎందుకు అందుకోలేదు?

అమెరికా కాలేజీ ఐస్ హాకీలో మార్చి నెల వచ్చిందంటే ఒక పాత అంకె మళ్లీ బయటికి వస్తుంది: 29-0-0. మొదటిది గెలిచిన ఆటలు, రెండోది ఓడినవి, మూడోది టై అయినవి. 1970 మార్చి 21న న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయం జట్టు 6-4తో క్లార్క్‌సన్‌ను ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. ఆ సీజన్‌లో ఆ జట్టు లెక్క అది. తర్వాత 55 ఏళ్లకు పైగా గడిచాయి. పురుషుల విభాగంలో ఓటమీ టై రెండూ లేకుండా టైటిల్ దాకా వెళ్లిన జట్టు ఇంకొకటి రాలేదు.

ఈ రికార్డు విషయంలో రెండు పొరబాట్లు సులువుగా జరుగుతాయి. 1970 జట్టు గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ అనుకోవడం మొదటిది. మాంట్రియల్ కనేడియన్స్ అనే వృత్తి జట్టుతో ఆరు స్టాన్లీ కప్‌లు (వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ) గెలిచి, 2025 సెప్టెంబరులో మరణించిన డ్రైడెన్ కార్నెల్‌లో చదివిన మాట నిజమే. కానీ ఆ ఏడాది జట్టులో ఆయన లేడు. రెండోది, ఓటమి లేదు కాబట్టి చరిత్రలో అన్నిటికన్నా గొప్ప కాలేజీ జట్టు ఇదేనని తేల్చేయడం. అంత తేలిగ్గా తేలే విషయం కాదది.

క్లుప్తంగా: కార్నెల్ బలమైన జట్టే. అయితే ఆ బలానికి తోడు సీజన్ చిన్నది, జాతీయ టోర్నమెంట్‌లో ఆడాల్సినవి రెండే మ్యాచ్‌లు, ఆటగాళ్లు డిగ్రీ పూర్తయ్యేదాకా కాలేజీని వదిలి వెళ్లని కాలం, పైగా కీలక సమయంలో ఒక్క గోల్ తేడాతో దక్కిన గెలుపులు. ఇప్పుడు వీటిలో చాలావరకు లేవు. అంత మంచి జట్టు మళ్లీ వచ్చినా ఈ అంకె మళ్లీ వచ్చే అవకాశం అందుకే తక్కువ.

నాలుగు జట్ల టోర్నమెంట్

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఐస్ హాకీకి జాతీయ టోర్నమెంట్ మొదలుపెట్టింది 1948లో. కొలరాడో స్ప్రింగ్స్‌లోని బ్రాడ్‌మూర్ ఐస్ ప్యాలెస్‌లో జరిగిన ఆ తొలి పోటీలో మిషిగన్ 8-4తో డార్ట్‌మత్‌ను ఓడించింది. పోటీలో ఉన్నవి నాలుగే జట్లు, తూర్పు నుంచి రెండు, పశ్చిమం నుంచి రెండు. ఈ పద్ధతి దాదాపు మూడు దశాబ్దాలు సాగింది. అంటే జాతీయ ఛాంపియన్ కావాలంటే ఒక సెమీఫైనల్, ఒక ఫైనల్ గెలిస్తే చాలు. అసలు జల్లెడ అంతకుముందే, ప్రాంతీయ పోటీల్లోనే పట్టేవారు.

1970లో తూర్పు నుంచి ఈసీఏసీ (తూర్పు కాలేజీల సమాఖ్య) పోటీ విజేత కార్నెల్, రన్నరప్ క్లార్క్‌సన్ వచ్చాయి. పశ్చిమం నుంచి అక్కడి కాలేజీ హాకీ సమాఖ్య డబ్ల్యూసీహెచ్‌ఏ జట్లయిన విస్కాన్సిన్, మిషిగన్ టెక్ వచ్చాయి. విస్కాన్సిన్‌కు అది మొదటి జాతీయ టోర్నమెంట్. ఆ జట్టు కోచ్ బాబ్ జాన్సన్ తర్వాతి కాలంలో మూడు ఎన్‌సీఏఏ టైటిళ్లు, 1991లో పిట్స్‌బర్గ్‌తో స్టాన్లీ కప్ గెలిచాడు. మిషిగన్ టెక్ అప్పటికే రెండుసార్లు ఛాంపియన్. ఎవరినీ తేలిగ్గా తీసుకునే పరిస్థితి లేదు.

వేదిక లేక్ ప్లాసిడ్‌లో 1932 వింటర్ ఒలింపిక్స్ కోసం కట్టిన అరీనా. సెమీఫైనల్లో కార్నెల్ 2-1తో విస్కాన్సిన్ మీద గట్టెక్కింది. మరో సెమీఫైనల్లో క్లార్క్‌సన్ 4-3తో మిషిగన్ టెక్‌ను ఓడించింది. ఫైనల్ చేరిన రెండూ న్యూయార్క్ రాష్ట్రపు జట్లే. ఒకరి ఆట ఒకరికి పూర్తిగా తెలుసు.

ఫైనల్ మూడో పీరియడ్‌లోకి వెళ్లేసరికి స్కోరు 3-3. అక్కడి నుంచి కార్నెల్ చేసిన మూడు గోల్స్‌నూ ఒక్కడే కొట్టాడు, డాన్ లొడ్బోవా. అతను ఫార్వర్డ్ కాదు, డిఫెన్స్‌మన్. టోర్నమెంట్ అత్యుత్తమ ఆటగాడి గుర్తింపు కూడా అతనికే వచ్చింది. సొంత గోల్‌ను కాపాడాల్సిన ఆటగాడు ఫైనల్ చివరి పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టడం వింతగా అనిపించవచ్చు. దాని వెనక అప్పటి నియమం ఒకటి, కోచ్ నిర్ణయం ఒకటి ఉన్నాయి.

డ్రైడెన్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది

డ్రైడెన్ ఆడిన మూడు సీజన్లను వరుసగా చూస్తే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1967లో కార్నెల్ 27 గెలిచి, ఒకటి ఓడి, ఒకటి టై చేసుకుంది. సిరక్యూస్‌లో జరిగిన ఫైనల్లో 4-1తో బోస్టన్ యూనివర్సిటీని ఓడించి టైటిల్ కూడా తీసుకుంది. 1968లో 27 గెలిచి రెండు ఓడింది. అందులో ఒకటి జాతీయ సెమీఫైనల్, నార్త్ డకోటా చేతిలో. 1969లోనూ 27 గెలుపులు, రెండు ఓటములు. ఈసారి ఓటమి ఏకంగా ఫైనల్లోనే, డెన్వర్ చేతిలో 3-4తో. కార్నెల్‌లో డ్రైడెన్ వ్యక్తిగత లెక్క 76 గెలుపులు, 4 ఓటములు, ఒక టై.

అలాంటి గోల్‌కీపర్ ఉన్న మూడేళ్లలో ఒక్కసారీ సున్నా ఓటముల సీజన్ రాలేదు. ఆయన డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయిన మరుసటి ఏడాదే వచ్చింది. గోల్ దగ్గర నిలబడింది బ్రయాన్ క్రాపర్. పొడుగరి డ్రైడెన్ పక్కన నిలబెడితే క్రాపర్ చాలా పొట్టివాడు.

దీన్నిబట్టి డ్రైడెన్ కన్నా క్రాపర్ మేలని ఎవరూ అనరు. 27-2కూ 29-0కూ మధ్య దూరం చాలా చిన్నదని మాత్రం అర్థమవుతుంది. రెండు రాత్రులు అటూ ఇటూ అయితే 1969 జట్టు అమరమయ్యేది, 1970 జట్టు 'బాగా ఆడింది' అనే వరసలో కలిసిపోయేది. ఆ నాలుగేళ్లనూ కలిపి చూస్తే కార్నెల్ 110 గెలిచి 5 ఓడింది. నిజంగా అబ్బురపరిచే లెక్క అది. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం సున్నా కనిపించే ఒక్క ఏడాదినే.

సొంత రింక్ కూడా ఆ జట్టుకు కోటలాంటిది. ఇథకా పట్టణంలోని లైనా రింక్‌లో 1967 నుంచి 1972 వరకు కార్నెల్ వరుసగా 63 మ్యాచ్‌లు గెలిచింది. పక్కనే కూర్చున్నట్టుండే విద్యార్థుల అరుపులకు బయటి జట్లకు టెన్షన్ పుట్టేదంటే ఆశ్చర్యం లేదు.

హార్క్‌నెస్ పద్ధతి

ఈ జట్టును నిర్మించినవాడు నెడ్ హార్క్‌నెస్. కెనడాలోని ఒట్టావాలో పుట్టిన ఈ కోచ్ 1954లో ఆర్‌పీఐ అనే చిన్న ఇంజినీరింగ్ కాలేజీని జాతీయ ఛాంపియన్ చేశాడు. ఆ సెమీఫైనల్లో మిషిగన్‌ను, ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో మిన్నెసోటాను ఆర్‌పీఐ ఓడించింది. 1963లో కార్నెల్‌కు వచ్చాడు. ఏడు సీజన్లలో అక్కడ 163 గెలుపులు, 27 ఓటములు, 2 టైలు. మధ్యలో కార్నెల్ లక్రాస్ జట్టుకూ మూడేళ్లు కోచ్‌గా పనిచేసి 35 గెలిచి ఒక్కటే ఓడాడు. ఆ లెక్కను హాకీ అభిమానులు పట్టించుకోరు కానీ, హాకీలో వచ్చిన ఫలితం గాలివాటం కాదనడానికి అదే మంచి ఆధారం.

కార్నెల్ ఐవీ లీగ్ విశ్వవిద్యాలయం. ఆ లీగ్‌లో ఆటను చూసి స్కాలర్‌షిప్ ఇవ్వరు. కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. మరి కెనడా నుంచి ఆటగాళ్లు ఎలా వచ్చారు? కార్నెల్ నిర్మాణంలో ఒక ప్రత్యేకత ఉంది. ప్రైవేటు విశ్వవిద్యాలయమే అయినా వ్యవసాయ కళాశాల వంటి కొన్ని విభాగాలు న్యూయార్క్ రాష్ట్ర నిధులతో నడుస్తాయి. వాటిలో ఫీజు తక్కువ. హాకీ ఆటగాళ్లలో కొందరు ఆ దారిలో వచ్చారు. దీని మీద హార్వర్డ్ వాళ్లు ఎగతాళి చేసేవారు. 1973లో ఒక హార్వర్డ్ అభిమాని కార్నెల్ గోల్ వైపు చచ్చిన కోడిని విసిరాడని, దానికి బదులుగా కార్నెల్ విద్యార్థులు మంచు మీదికి చేపలు విసరడం మొదలుపెట్టారని చెబుతారు. హార్వర్డ్ జట్టు వస్తే చేపలు పడటం నేటికీ ఆనవాయితీ.

ఆటగాళ్ల వయసు, అనుభవం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పట్లో మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడేవారు కాదు, వాళ్లకు వేరే జట్టు ఉండేది. రెండో ఏడాది నుంచి మూడేళ్లు ప్రధాన జట్టు. కాబట్టి 1970 నాటి సీనియర్లు 1968 సెమీఫైనల్ ఓటమినీ 1969 ఫైనల్ ఓటమినీ చూసినవాళ్లు, 1967 టైటిల్‌లో భాగం లేనివాళ్లు. వాళ్లలో డిక్ బెర్ట్రాండ్ కాలేజీకి రాకముందు టొరంటోలో పోలీసు ఉద్యోగం చేశాడు. ఆ సీజన్ కాగానే హార్క్‌నెస్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ కోచ్‌గా వెళ్లిపోతే కార్నెల్ కొత్త కోచ్‌గా ఈ బెర్ట్రాండ్‌నే తీసుకుంది. నిన్నటిదాకా పక్కన ఆడినవాడికే కోచ్ బాధ్యత ఇచ్చారంటే అప్పటికి అతని పెద్దరికం ఎంతో ఊహించవచ్చు.

ఇంకొక విషయం, ఆటగాళ్లు మధ్యలో వెళ్లిపోయేవారు కాదు. 1967లో ఆరు నుంచి పన్నెండు జట్లకు పెరిగినా, ఎన్‌హెచ్‌ఎల్ తన ఆటగాళ్లను దాదాపుగా కెనడా జూనియర్ లీగుల నుంచే తీసుకునేది. కాలేజీ ఆటగాడి మీద పెద్దగా చూపు ఉండేది కాదు. దాంతో ఒక మంచి జట్టు మూడేళ్లు చెదరకుండా కలిసి ఆడగలిగేది.

గుద్దకూడని చోట పరుగెత్తిన డిఫెన్స్‌మన్

ఐస్ హాకీలో పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఉన్న ఆటగాడిని భుజంతో, నడుముతో గుద్ది ఆపడాన్ని బాడీ చెక్ అంటారు. నేడు రింక్ అంతటా అది చెల్లుతుంది. 1970 నాటి కాలేజీ నియమాలు వేరు. ప్రత్యర్థి జోన్‌లోకి వెళ్లి అక్కడున్న ఆటగాడిని గుద్దడానికి అనుమతి లేదు. 1970ల మొదట్లో ఈ నియమం మారింది.

దీని ప్రభావం ఎవరి మీద ఎక్కువ? తన గోల్ వెనక నుంచి పక్ తీసుకుని బయల్దేరే డిఫెన్స్‌మన్ మీద. ఇప్పుడైతే పక్ అందుకునేలోపే ఎవడో వచ్చి చెక్కగోడకు అదిమేస్తాడనే భయంతో ఆడాలి. అప్పుడు అతనికి తలెత్తి చూసి, వేగం పుంజుకుని, దారి ఎంచుకునే వీలుండేది. బాగా స్కేటింగ్ వచ్చిన డిఫెన్స్‌మన్‌కు అది వరం.

లొడ్బోవా మొదట ఫార్వర్డ్. అతన్ని వెనక్కి మార్చింది హార్క్‌నెస్. పైకి చూస్తే మంచి గోల్ స్కోరర్‌ను వృథా చేసినట్టు ఉంటుంది. కానీ గుద్దుళ్లు లేని చోట ఒక ఫార్వర్డ్ కాళ్లు, చేతులు ఉన్న ఆటగాడిని పెడితే దాడి సొంత గోల్ దగ్గర నుంచే మొదలవుతుంది. అతన్ని ఆపడానికి ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు వెనక్కి పరుగెత్తాల్సి వస్తుంది. క్లార్క్‌సన్‌తో ఫైనల్ మూడో పీరియడ్‌లో పండింది ఈ మార్పే. నియమం అందరికీ ఒకటే. దాన్నుంచి ఎక్కువ పిండుకున్న జట్టు మాత్రం కార్నెల్.

ఒక్క గోల్ తేడా

29 మ్యాచ్‌లలో చాలావరకు కార్నెల్ అలవోకగా గెలిచింది. కానీ చివరి దశ అలా లేదు. ఈసీఏసీ సెమీఫైనల్లో హార్వర్డ్‌పై 6-5. ఈసీఏసీ ఫైనల్లో క్లార్క్‌సన్‌పై 3-2. జాతీయ సెమీఫైనల్లో విస్కాన్సిన్‌పై 2-1. వరుసగా మూడు నాకౌట్ మ్యాచ్‌లలో తేడా ఒక్క గోల్. ఆ తర్వాతి ఫైనల్ కూడా నలభై నిమిషాల ఆట ముగిసేసరికి సమానంగానే ఉంది.

ఐస్ హాకీలో ఒక గోల్ ఎలా పడుతుందో చూసినవాళ్లకు తెలుసు. పక్ స్కేట్‌కు తగిలి దారి మారవచ్చు, గోల్ స్తంభానికి కొట్టుకుని లోపలికో బయటికో పోవచ్చు. మంచి జట్టు ఎక్కువ షాట్లు కొడుతుంది కాబట్టి ఎక్కువసార్లు గెలుస్తుంది, అంతే. ప్రతిసారీ కాదు.

బాస్కెట్‌బాల్‌తో పోల్చి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఓటమి లేని ఛాంపియన్లు ఏడుసార్లు వచ్చారు. అందులో నాలుగు ఒక్క యూసీఎల్‌ఏవే, 1964, 1967, 1972, 1973లలో. ఒక్కో జట్టు ఒక్కో ఆటలో 70, 80 పాయింట్లు చేసే ఆటలో అదృష్టం పాత్ర పలచబడుతుంది. ఒక బంతి రింగ్ మీద తిరిగి బయట పడితే ఏమీ కాదు, ఇంకా ముప్పై అవకాశాలుంటాయి. మూడు నాలుగు గోల్స్‌తో తేలే హాకీలో ఒక్క వంకర షాట్ సీజన్ మొత్తాన్ని మార్చేస్తుంది. అందుకే హాకీలో ఒక్క పేరే ఉంది.

మన పాఠకులకు దగ్గరి ఉదాహరణ 2023 వన్డే ప్రపంచకప్. భారత జట్టు వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి అహ్మదాబాద్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. ఆ టోర్నమెంట్‌లో మంచి జట్టు ఏదని అడిగితే ఇప్పటికీ వాదన నడుస్తుంది. రికార్డు పుస్తకంలో మాత్రం ఆ వాదనకు చోటు లేదు. 1969 కార్నెల్‌దీ దాదాపు అదే కథ.

లెక్క కట్టి చూస్తే

ఒక చిన్న లెక్కతో సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ప్రతి పది మ్యాచ్‌లకు తొమ్మిది గెలిచే సత్తా ఉన్న జట్టును ఊహించుకోండి. అది చాలా గొప్ప జట్టు. వరుసగా 29 గెలిచే అవకాశం దానికి 5 శాతం కూడా ఉండదు, సుమారు 4.7 శాతం. సత్తాను వందకు 95కు పెంచితే అవకాశం 22 శాతం దాటుతుంది. అప్పుడు కూడా నాలుగైదు సార్లు ప్రయత్నిస్తే ఒకసారి దక్కినట్టు. 1967 నుంచి 1970 వరకు కార్నెల్ అలాంటి జట్టుతో నాలుగు సీజన్లు ఆడి ఒకసారి సాధించిందని గమనిస్తే, ఈ లెక్క నిజానికి ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది.

ఇక సీజన్‌ను 45 మ్యాచ్‌లకు పెంచుదాం. 95 శాతం సత్తా ఉన్న జట్టుకే అవకాశం 10 శాతానికి పడిపోతుంది. 90 శాతం జట్టుకైతే ఒక శాతం కూడా ఉండదు. నిజ జీవితంలో అన్ని ప్రత్యర్థులూ ఒకే బలంతో ఉండరు, గాయాలూ ప్రయాణాలూ ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా సీజన్ పొడవు పెరిగేకొద్దీ సున్నా ఎంత త్వరగా కరిగిపోతుందో ఇది చూపిస్తుంది.

సీజన్ నిజంగానే పెరిగింది. జాతీయ టోర్నమెంట్ కూడా 1988లో 12 జట్లకు, 2003లో 16 జట్లకు చేరింది. నేటి ఛాంపియన్ చివర్లో వరుసగా నాలుగు నాకౌట్ మ్యాచ్‌లు గెలవాలి. అందులో ఎదురయ్యేవన్నీ దేశంలోని మంచి జట్లే. ఒక్కో మ్యాచ్‌లో గెలిచే అవకాశం 80 శాతం అనుకున్నా రెండు గెలవడానికి 64 శాతం, నాలుగు గెలవడానికి 41 శాతం.

దగ్గరిదాకా వచ్చినవాళ్లు

పురుషుల విభాగంలో అందరికన్నా దగ్గరికి వచ్చింది 1993 నాటి మెయిన్ విశ్వవిద్యాలయం. షాన్ వాల్ష్ కోచ్‌గా ఉన్న ఆ జట్టు 42 గెలిచి, 2 టై చేసుకుని, ఒక్కటే ఓడింది. ఆ ఒక్క ఓటమి కూడా ఫిబ్రవరిలో బోస్టన్ యూనివర్సిటీ చేతిలో ఓవర్‌టైమ్‌లో, 6-7తో. మొదటి సంవత్సరం విద్యార్థి పాల్ కరియా ఆ సీజన్‌లో 100 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) చేసి, అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు గెలుచుకున్నాడు. కొత్త విద్యార్థికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

మెయిన్ ఫైనల్‌కూ కార్నెల్ ఫైనల్‌కూ ఒక పోలిక ఉంది. మిల్వాకీలో లేక్ సుపీరియర్ స్టేట్‌పై రెండు పీరియడ్లు ముగిసేసరికి మెయిన్ 2-4తో వెనకబడి ఉంది. మూడో పీరియడ్‌లో జిమ్ మాంట్‌గోమరీ ఐదు నిమిషాల లోపు మూడు గోల్స్ కొట్టాడు. మూడింటికీ పాస్ ఇచ్చింది కరియానే. 5-4తో టైటిల్ మెయిన్‌ది. లొడ్బోవా లాగే చివరి పీరియడ్‌లో హ్యాట్రిక్, లొడ్బోవా లాగే టోర్నమెంట్ అత్యుత్తమ ఆటగాడు. 45 మ్యాచ్‌లలో 42 గెలవడం 29లో 29 గెలవడం కన్నా చిన్న పనా అంటే చెప్పడం కష్టం. రెండింటిలో ఏది కఠినమని అడిగితే ఈ విశ్లేషణ మొగ్గు మెయిన్ వైపే. కానీ 'ఒకటి' అనే అంకెకు 'సున్నా'కున్న ఆకర్షణ లేదు.

1985లో ఆర్‌పీఐ, అంటే హార్క్‌నెస్ పాత కాలేజీ, 35-2-1తో ఛాంపియన్ అయింది. ఆడమ్ ఓట్స్ ఆడిన జట్టు అది. ఫైనల్లో ప్రావిడెన్స్‌పై గెలిచింది 2-1తోనే.

మహిళల విభాగంలో పరిస్థితి వేరు. 2012-13లో మిన్నెసోటా మహిళల జట్టు 41 ఆడి 41 గెలిచింది. సంఖ్యగా చూస్తే కార్నెల్ కన్నా పెద్దది. అక్కడా దారి సాఫీగా లేదు: క్వార్టర్‌ఫైనల్లో నార్త్ డకోటాపై మూడో ఓవర్‌టైమ్‌లో 3-2, సెమీఫైనల్లో బోస్టన్ కాలేజీపై ఓవర్‌టైమ్‌లో 3-2, ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీపై 6-3. ఆ జట్టు వరుస గెలుపులు 62 దాకా సాగాయి. మంచి ఆటగాళ్లు కొన్ని కాలేజీల్లోనే కేంద్రీకృతమై ఉండటం, వాళ్లను మధ్యలో లాక్కుపోయే వృత్తి లీగు అప్పట్లో బలంగా లేకపోవడం దీనికి తోడ్పడ్డాయి. గమనిస్తే 1970లో పురుషుల ఆట కూడా దాదాపు అదే స్థితిలో ఉండేది. మహిళల బాస్కెట్‌బాల్‌లో కనెటికట్ జట్టు ఆరు సీజన్లు ఓటమి లేకుండా ముగించడం వెనకా ఇలాంటి పరిస్థితులే కనిపిస్తాయి.

క్లార్క్‌సన్ వైపు నుంచి

ఈ కథలో ఓడిన జట్టు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కానీ 'పెర్ఫెక్ట్ సీజన్' అనే మాటకు క్లార్క్‌సన్‌కు చిత్రమైన సంబంధం ఉంది. 1955-56లో క్లార్క్‌సన్ ఆడిన 23 మ్యాచ్‌లూ గెలిచింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు ఆహ్వానం కూడా వచ్చింది. వెళ్లలేదు. జట్టులోని కొందరు సీనియర్లు మొదటి సంవత్సరం నుంచే ప్రధాన జట్టుకు ఆడారు, నాలుగో ఏడాది ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఆడే అర్హత నియమాల ప్రకారం వాళ్లకు లేదు. వాళ్లను ఇంట్లో వదిలి వెళ్లడం కన్నా అసలు వెళ్లకపోవడమే మేలనుకుంది జట్టు. రికార్డుల్లో ఆ 23-0 నిలిచిపోయింది కానీ ఛాంపియన్ల జాబితాలో పేరు లేదు. అంటే కార్నెల్‌కు ముందు ఓటమి లేని జట్టు లేదనడం పొరబాటు. ఓటమి లేకుండా టైటిల్ గెలిచిన జట్టు లేదనాలి.

1962లో, 1966లో, 1970లో క్లార్క్‌సన్ పురుషుల జట్టు జాతీయ ఫైనల్ చేరి మూడుసార్లూ ఓడింది. 1970 జట్టు కోచ్ లెన్ సెగ్లార్‌స్కీ తర్వాత బోస్టన్ కాలేజీకి వెళ్లి దీర్ఘకాలం పనిచేశాడు. పురుషుల టైటిల్ క్లార్క్‌సన్‌కు ఇప్పటికీ లేదు. 2014లో మాత్రం ఆ కాలేజీ మహిళల జట్టు ఫైనల్లో 5-4తో ఒక జట్టును ఓడించి తొలి టైటిల్ తెచ్చింది. ఓడిన ఆ జట్టు మిన్నెసోటా, ఏడాది కిందటి 41-0 జట్టు.

ఇకముందు

2025 ఆగస్టు నుంచి ఒక పెద్ద మార్పు అమల్లోకి వచ్చింది. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకు ఇదివరకు ఎన్‌సీఏఏ తలుపులు మూసి ఉండేవి, ఇప్పుడు తెరుచుకున్నాయి. ఆ లీగుల మేటి ఆటగాడు గావిన్ మెకెన్నా పెన్ స్టేట్‌కు రావడం దీని తొలి ఫలితాల్లో ఒకటి. ప్రతిభ కొన్ని ధనిక కాలేజీల్లో పోగుపడి మళ్లీ ఒక మహాజట్టు తయారవుతుందా అనే ప్రశ్న ఇప్పుడు వినిపిస్తోంది.

కావచ్చు. కానీ అలాంటి జట్టు ఎంతకాలం కలిసి ఉంటుంది? 1970 నాటికి లొడ్బోవా, బెర్ట్రాండ్ లాంటివాళ్లు మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నేటి మెరికల్లాంటి కుర్రాడు ఒకటి రెండేళ్లలో ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్తాడు. మిగిలినవాళ్లు ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో కాలేజీలు మారుతుంటారు. పైగా కొత్త ఆటగాళ్లు 60కి పైగా ఉన్న జట్లలో చాలావాటికి అందుతారు కాబట్టి కింది జట్లూ బలపడతాయి. సాధారణ సీజన్ మ్యాచ్ సమంగా ముగిస్తే ఇప్పుడు ఐదు నిమిషాల పాటు ముగ్గురితో ముగ్గురు ఆడాలి. ఖాళీ ఎక్కువ, పొరబాటుకు శిక్ష వెంటనే. బలమైన జట్టుకు ఇది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అనే దానిపై రెండు వాదనలూ ఉన్నాయి. సమంగా ఉన్న ఆట లాటరీకి దగ్గరవుతుందనేది మాత్రం తోసిపుచ్చలేని మాట.

కార్నెల్ విషయానికొస్తే, 1970 తర్వాత 2025 వరకు ఆ కాలేజీకి ఇంకో పురుషుల జాతీయ టైటిల్ దక్కలేదు. 2020లో 23 గెలుపులు, 2 ఓటములు, 4 టైలతో దేశంలో మొదటి ర్యాంకులో ఉండగా కోవిడ్ వల్ల టోర్నమెంట్ రద్దయింది.

హార్క్‌నెస్ కూడా ఆ ఎత్తును మళ్లీ చూడలేదు. డెట్రాయిట్‌లో ఆటగాళ్లు ఎదురు తిరిగారు. కోచ్‌గా 38 మ్యాచ్‌ల్లో 12 గెలిచి, 22 ఓడి, 4 టై చేసుకున్నాక ఆయన్ను జనరల్ మేనేజర్ కుర్చీలోకి మార్చారు. కాలేజీ కుర్రాళ్ల మీద పనిచేసిన క్రమశిక్షణ జీతగాళ్ల మీద పనిచేయలేదు. 1975లో యూనియన్ కాలేజీకి వెళ్లి మళ్లీ ఒక హాకీ జట్టును మొదటి నుంచి కట్టాడు. 1980 వింటర్ ఒలింపిక్స్ అయ్యాక ఆ పోటీలు జరిగిన క్రీడా వేదికల నిర్వహణకు న్యూయార్క్ రాష్ట్రం పెట్టిన సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ ఉద్యోగం లేక్ ప్లాసిడ్‌లో. 29వ మ్యాచ్ గెలిచిన పాత అరీనా తాళాలు కూడా అలా ఆయన చేతికే వచ్చాయి.